మేకప్ కింద మొటిమ ప్యాచ్: 14 రోజులు, రెండు బుగ్గలు, ఒక పెళ్ళి

వీడియో మొదలెట్టే ముందు ఒక చిన్న పని చేయండి. ఫోన్ బ్రైట్‌నెస్ ఫుల్ పెట్టి నా మొహం చూడండి. కుడి బుగ్గ మీద రెండు గోధుమ రంగు మచ్చలు, గడ్డం దగ్గర ఒక మొటిమ. కనిపించాయా? ఓకే. ఇవి ఇవాళ కొత్తగా వచ్చినవి కావు. ఇన్నాళ్ళూ మీకు కనిపించలేదంతే. ఎందుకు కనిపించలేదో చివర్లో చెప్తాను. నిజానికి ఆ మాట చెప్పడానికే ఈ వీడియో చేస్తున్నా.

సరే, ముందు టాపిక్. మొటిమ ప్యాచ్‌లు. చిన్న గుండ్రటి స్టిక్కర్లు, బొట్టు బిళ్ళ సైజులో ఉంటాయి, రంగు ఉండదు. మొటిమ మీద అంటించేసి, దాని మీదే మేకప్ వేసుకుని బయటికి వెళ్ళిపోవచ్చు అని రీల్స్‌లో తెగ చూపిస్తున్నారు. మీలో చాలా మంది "అక్కా, అవి నిజంగా పనిచేస్తాయా, డబ్బులు దండగా?" అని అడుగుతున్నారు. నేను 14 రోజులు వాడి చూశా. ఇది స్పాన్సర్డ్ వీడియో కాదు. 36 ప్యాచ్‌ల ప్యాకెట్ నా డబ్బులతో కొన్నా, మూడొందల పైచిలుకు పడింది. అందుకే బ్రాండ్ పేరు కూడా చెప్పట్లేదు.

ఇప్పుడే ఎందుకు వాడానంటే, మా అన్నయ్య పెళ్ళి. వైశాఖ మాసం, రాజమండ్రి, రాత్రి ఒంటిగంట దాటాక ముహూర్తం. నేనేమో ఆడపడుచుని. అంటే ఏంటో మీకు తెలుసు కదా, ప్రతి ఫోటోలో ఉండాలి, ప్రతి పళ్ళెం నేనే పట్టుకోవాలి. పెళ్ళికి మూడు వారాలుందనగా నా మొహం మీద ఒకదాని తర్వాత ఒకటి మొదలయ్యాయి. అమ్మ వీడియో కాల్‌లో చూసి మొదటి మాటే "ఏంటే ఆ మొహం, రాత్రిళ్ళు నిద్రపోతున్నావా లేదా?" అంది. వెనక నుంచి మా పెద్దమ్మ "టూత్‌పేస్ట్ రాయమను", ఇంకెవరో "నిమ్మకాయ రుద్దమను". కాల్ కట్ అయ్యేలోపు నాలుగు ట్రీట్‌మెంట్లు వచ్చేశాయి.

వీటి సంగతి ఇక్కడే తేల్చేద్దాం. టూత్‌పేస్ట్ పళ్ళ కోసం తయారు చేసింది. మొహం మీద రాస్తే చర్మం మండి, ఎర్రబడి, ఉన్న మొటిమకి తోడు ఒక పుండు మిగులుతుంది. నిమ్మరసం ఇంకా డేంజర్, అది రాసుకుని ఎండలోకి వెళ్తే చర్మం కాలినట్టు అయ్యి నల్ల మచ్చ పడొచ్చు. సున్నిపిండి మంచిదే, కానీ వాచిపోయిన మొటిమ మీద బరబరా రుద్దితే అది పగిలి గాయం అవుతుంది.

నేను స్కిన్ డాక్టర్ దగ్గరికి వెళ్ళా. మేడమ్ చూసి రాత్రి పూట రాసుకోవడానికి అడాపలీన్ 0.1% జెల్ రాశారు. మొహం మొత్తానికి కలిపి బఠాణీ గింజంత, అంతకు మించి వద్దన్నారు. పొద్దున సన్‌స్క్రీన్ తప్పనిసరి. "మేడమ్, మూడు వారాల్లో పెళ్ళుంది" అన్నా. ఆవిడ నవ్వి, "ఇది పెళ్ళి కోసం కాదమ్మా, పెళ్ళయ్యాక కోసం. కనీసం రెండు మూడు నెలలు ఓపిక పట్టాలి" అన్నారు. అడాపలీన్ అంతే, నెమ్మదిగా పనిచేస్తుంది. మొదటి వారాల్లో పొడిబారడం, పొట్టు లేవడం కూడా ఉంటాయి. ఇంకో మాట, ప్రెగ్నెన్సీలో ఉన్నవాళ్ళూ, ప్లాన్ చేస్తున్నవాళ్ళూ ఇది వాడకూడదు, డాక్టర్‌కి ముందే చెప్పాలి.

మరి ఈలోపు? అప్పుడు అడిగా ప్యాచ్‌ల గురించి. "తల తేలిన మొటిమ మీద పెట్టుకో, తప్పు లేదు. జెల్ మాత్రం ప్యాచ్ కింద రాయకు, మూతపెట్టినట్టయ్యి ఎక్కువ మండుతుంది" అన్నారు. సో నా ప్లాన్ రెండు షిఫ్టులు. రాత్రి షిఫ్ట్ జెల్‌ది, పగటి షిఫ్ట్ ప్యాచ్‌ది.

అసలు ఈ ప్యాచ్‌లో ఏముంది? దీన్ని హైడ్రోకొలాయిడ్ అంటారు. ఇదేం కొత్త కొరియన్ మ్యాజిక్ కాదు. 1980ల నుంచి హాస్పిటల్స్‌లో పుండ్లకీ గాయాలకీ కట్టే డ్రెస్సింగ్ మెటీరియలే. లోపలి వైపు కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్, పెక్టిన్, జెలటిన్ లాంటి తేమ పీల్చే పదార్థాలుంటాయి. పైన పల్చటి ప్లాస్టిక్ పొర. గాయంలోంచి ఊరే తడిని పీల్చుకుని అది జెల్‌లా ఉబ్బుతుంది. గాయం మరీ ఎండిపోకుండా, బయటి మురికి తగలకుండా కాపాడుతుంది. దాన్నే చిన్న బిళ్ళలుగా కోసి మొటిమలకి అమ్ముతున్నారు. మామూలు ప్యాచ్‌లో మందేమీ లేదు. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి.

రీల్స్‌లో ఒక సీన్ ఉంటుంది చూశారా? పొద్దున్నే ప్యాచ్ పీకి, తెల్లగా మారింది చూపించి, "చూడండి, చీమంతా లాగేసింది!" అంటారు. నాకు డౌట్ వచ్చింది. కొత్త ప్యాచ్ ఒకటి తీసి, అంటుకునే వైపు ఒక్క చుక్క మంచినీళ్ళు వేసి పక్కన పెట్టా. కాసేపటికి అది కూడా తెల్లగా అయిపోయింది! అంటే తెలుపు రంగు చీముకి సాక్ష్యం కాదు. ఏ తడి తగిలినా, చెమట తగిలినా తెల్లబడుతుంది. మొటిమ నుంచి కొంత తీస్తుంది, కాదనట్లేదు. కానీ ఆ తెల్ల చుక్క చూసి మరీ మురిసిపోకండి.

ఇప్పుడు నా టెస్ట్. బీటెక్ చదివి ఐదేళ్ళు కోడ్ రాసిన బుర్ర కదా, ఊరికే వాడి "సూపర్" అనలేను. ఒకే ఒక్క విషయం మార్చాలి, మిగతావన్నీ సేమ్ ఉండాలి. ఎడమ బుగ్గ మీద వచ్చిన మొటిమకి ప్యాచ్. కుడి బుగ్గ మీద వచ్చినదానికి ఏమీ లేదు. ఫేస్‌వాష్, మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్, రాత్రి జెల్, అన్నీ రెండు వైపులా ఒకటే. రోజూ పొద్దున అదే కిటికీ దగ్గర, అదే వెలుతురులో ఫోటో. శాంపిల్ సైజ్ ఒక్క మొహం, కాబట్టి దీన్ని రీసెర్చ్ అనకండి.

ఇంకోటి కూడా లెక్కపెట్టా. నా చెయ్యి మొటిమ మీదికి వెళ్ళిన ప్రతిసారీ ఫోన్‌లో ఒక టిక్. నాకు గిల్లే అలవాటుంది. ఎడిటింగ్ చేస్తూ చేస్తూ తెలియకుండానే గోరు అక్కడికి వెళ్ళిపోతుంది. మీలో ఎంతమందికి ఉంది? అబద్ధం చెప్పకండి!

14 రోజుల్లో ఎడమవైపు నాలుగు, కుడివైపు మూడు వచ్చాయి. ఎడమవైపు తల తేలినవి మూడు. అవి ప్యాచ్ పెట్టాక మర్నాటికల్లా కొంచెం చదునయ్యాయి. కుడివైపు వాటి కంటే ఒక రోజు ముందు తగ్గినట్టు అనిపించింది. నాలుగోది లోపలే గట్టిగా, ముట్టుకుంటే నొప్పి పుట్టే గడ్డ. దాని మీద ప్యాచ్ ఐదు రోజులు పెట్టినా ఏమీ కాలేదు. కాదు కూడా. లోతుగా ఉన్నదాన్ని పైన అంటించిన స్టిక్కర్ ఎలా లాగుతుంది? బ్లాక్‌హెడ్స్‌కీ అంతే, పనికిరాదు.

కానీ అసలు తేడా వేరే చోట కనిపించింది. టిక్‌లు. కుడి బుగ్గకి 31. ఎడమ బుగ్గకి 6, ఆ ఆరుసార్లూ వేలికి మొటిమ బదులు నున్నటి ప్లాస్టిక్ తగిలి చెయ్యి వెనక్కొచ్చేసింది. ఇందాక చూశారుగా, ఈ రెండు మచ్చలు? రెండూ కుడివైపే. గిల్లినవే.

మన చర్మం రంగు ఉన్నవాళ్ళకి ఇది చాలా ముఖ్యం. మొటిమ వారం పది రోజుల్లో పోతుంది. అది మిగిల్చిన నల్ల మచ్చ నెలల తరబడి ఉంటుంది. వాపు వచ్చిన చోట మెలనిన్ ఎక్కువ తయారవడం వల్ల ఆ మచ్చ పడుతుంది. గిల్లితే వాపు ఎక్కువ, ఎండ తగిలితే ఇంకా ముదురు. సో ప్యాచ్ నాకు చేసిన పెద్ద సాయం చీము లాగడం కాదు, నా గోటికి తాళం వేయడం. నిజంగా మూడొందలు దానికే వర్త్ అనిపించింది.

ఇక మేకప్. ఆఫీసుకో, కాలేజీకో, షూట్‌కో వెళ్ళేవాళ్ళు స్క్రీన్‌షాట్ తీసుకోండి. మొహం కడుక్కుని పూర్తిగా ఆరనివ్వాలి. ముందు ప్యాచ్, తర్వాతే మిగతావన్నీ. మాయిశ్చరైజర్ రాశాక పెడితే జిడ్డుకి అంటదు, గంటలో అంచు లేస్తుంది. ప్యాచ్ మొటిమ కంటే కొంచెం పెద్దదిగా ఉండాలి. పెట్టాక వేలితో పది సెకన్లు నొక్కి పట్టుకోండి, ఒంటి వేడికి బాగా అతుక్కుంటుంది. తర్వాత దాని చుట్టూ మాయిశ్చరైజర్, పైన సన్‌స్క్రీన్. ఫౌండేషన్, కన్సీలర్ ఏదైనా సరే రుద్దొద్దు. తడి స్పాంజ్‌తో అద్దండి. చివర్లో కొంచెం పౌడర్.

కనిపిస్తుందా? దగ్గరికొచ్చి చూస్తే కనిపిస్తుంది, దాచను. పక్క నుంచి లైట్ పడితే గుండ్రటి అంచు తెలుస్తుంది. ప్యాకెట్ మీద "పల్చటి అంచు", "మ్యాట్" అని ఉన్నవి బెటర్. మందంగా ఉన్నవి రాత్రికి ఉంచుకోండి. ఆరేడు గంటల్లో తెల్లబడి ఉబ్బుతుంది, అప్పుడు మేకప్ మీద కూడా తెలుస్తుంది. అందుకే ఎర్రగా పచ్చిగా ఉన్నదాన్ని నాలుగైదు గంటలు కవర్ చేయాలంటే బాగుంటుంది. అంతకంటే ఎక్కువైతే కష్టం. ఇంటికి రాగానే మేకప్ మొత్తం తీసేయాలి, ప్యాచ్ నెమ్మదిగా అంచు నుంచి లేపాలి. మేకప్ కొనేటప్పుడు నాన్‌కమిడోజెనిక్ అని ఉందేమో చూడండి, అంటే రంధ్రాలు మూసుకుపోయే అవకాశం తక్కువ. ఇక బ్రష్‌లూ స్పాంజ్‌లూ వారానికోసారైనా కడగండి బాబూ. నా స్పాంజ్ కడిగిన రోజు బకెట్ నీళ్ళ రంగు చూసి నాకే కళ్ళు తిరిగాయి.

ఇప్పుడు పెళ్ళి రోజుకొద్దాం. టెస్టింగ్‌లో పాసై ప్రొడక్షన్‌లో ఫెయిలవడం అంటే ఏంటో నాకు ఆ రాత్రి మళ్ళీ గుర్తొచ్చింది. సాయంత్రం ఐదింటికి ఎడమ బుగ్గ మీద ప్యాచ్, పైన మేకప్. మేకప్ అక్క కూడా "బానే కవర్ అయ్యిందండీ" అంది. తొమ్మిదింటిదాకా ఫోటోలన్నీ సూపర్. మే నెల, గోదావరి పక్కన ఉక్కపోత, పట్టుచీర, పైగా హోమం పొగ. రెండింటికి తలంబ్రాలప్పుడు చెమట తుడుచుకున్నా. టిష్యూతో పాటు ప్యాచ్ ఊడొచ్చేసింది, దాని మీదున్న ఫౌండేషన్‌తో సహా. బుగ్గ మీద నాణెంలా గుండ్రటి ఖాళీ! మా పిన్ని చూసి, "అయ్యో, బొట్టు బిళ్ళ ఊడి బుగ్గ మీద పడినట్టుందే" అంది. పక్కనున్న నలుగురూ ఒకటే నవ్వు. నేనూ నవ్వేశా, ఏం చేస్తాం.

ఆ నవ్వుల మధ్య మా పిన్ని కూతురు నవ్వలేదు. ఇంటర్ ఫస్ట్ ఇయర్ చదువుతోంది. చెయ్యి పట్టుకుని పక్కకి లాక్కెళ్ళి, "అక్కా, నీకు కూడా మొటిమలు వస్తాయా?" అని అడిగింది. "వస్తాయి, ఎందుకు రావు?" అన్నా. "మరి వీడియోల్లో ఒక్కటీ ఉండదుగా. నీలా అవ్వాలని నేను రెండు నెలల నుంచి క్రీమ్ రాస్తున్నా, ఇంకా ఎక్కువైపోతున్నాయి" అంది. మేకప్ తుడిచి చూపించింది. బుగ్గలు ఎర్రగా, చిన్న చిన్న పొక్కులు, సన్నటి రక్తనాళాలు కనిపిస్తున్నాయి. ఆ మొహం నాకు తెలుసు. ఐదేళ్ళ క్రితం నా మొహం అదే.

నేను కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు, పీజీలో ఒకమ్మాయి చెప్పిందని మెడికల్ షాపులో ఒక ట్యూబ్ అడిగి కొనుక్కున్నా. చీటీ అడగలేదు, ఏమీ అడగలేదు. మూడు రోజుల్లో మొహం తళతళలాడింది. ఎర్రదనం పోయింది, తెల్లబడ్డాను కూడా. ఆర్నెల్లు రాశా. ఒక వారం మానేస్తే మొహం మొత్తం మంట, పొక్కులు. మళ్ళీ రాస్తే తగ్గుతుంది, మానేస్తే వస్తుంది. చివరికి డాక్టర్ ఆ ట్యూబ్ చూసి చెప్పారు, అందులో స్టెరాయిడ్ ఉందని. స్టెరాయిడ్ వాపుని తాత్కాలికంగా అణిచేస్తుంది, అందుకే మొదట్లో అద్భుతంలా ఉంటుంది. ఎక్కువ రోజులు వాడితే చర్మం పల్చబడుతుంది, మొటిమల్ని అదే పుట్టిస్తుంది. కోలుకోవడానికి నాకు ఏడాది పైనే పట్టింది.

మా చెల్లి బ్యాగ్‌లోంచి ట్యూబ్ తీయించి, ఫోన్ టార్చ్‌లో వెనక్కి తిప్పి చదివా. మొమెటాసోన్. దాంతో పాటు హైడ్రోక్వినోన్, ట్రెటినోయిన్. ఆ కాంబినేషన్‌ని డాక్టర్లు కొన్ని రకాల మంగుకి, కొన్ని వారాల పాటు, చూసుకుంటూ వాడతారు. మొటిమల క్రీమ్ కాదు, ఫెయిర్‌నెస్ క్రీమ్ అసలే కాదు.

ఈ పేర్లు రాసుకోండి: బెటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటాసోన్, ఫ్లూసినోలోన్. మీ ఇంట్లో, హాస్టల్‌లో ఉన్న ట్యూబ్ తిప్పి చూడండి. వీటిలో ఏదున్నా అది స్టెరాయిడ్. ఇలాంటివి డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు, 2018లో కేంద్రం ఈ రూల్‌ని గట్టి కూడా చేసింది. అయినా దొరుకుతున్నాయి. ఇప్పటికే నెలల తరబడి రాస్తుంటే మాత్రం ఈ వీడియో చూసి ఇవాళే టక్కున ఆపేయకండి. ట్యూబ్ చేత్తో పట్టుకుని స్కిన్ డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. ఎలా తగ్గించాలో వాళ్ళే చెప్తారు. పీరియడ్స్ సరిగ్గా రాక, గడ్డం దవడ దగ్గరే ఎక్కువగా మొటిమలు వస్తుంటే అది కూడా దాచకుండా చెప్పండి. హార్మోన్ల టెస్ట్ అవసరం కావచ్చు.

ఇక మొదట్లో ఆపిన మాట. వీడియోల్లో నా మొహం మీద ఒక్క మొటిమా ఎందుకు లేదు? నా కెమెరా యాప్‌లో స్మూత్ అని ఒక స్లైడర్ ఉంది. మొదటి వీడియో నుంచి అది 40 మీద పెట్టి వదిలేశా. ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఆ స్లైడర్ చూపించిన చర్మం కోసం ఒక పదహారేళ్ళ పిల్ల తన చర్మాన్ని పాడు చేసుకుంది. ఆ పిల్ల మా ఇంట్లోనే ఉంది కాబట్టి నాకు తెలిసింది. మీ ఇళ్ళల్లో ఎంతమంది ఉన్నారో నాకెలా తెలుస్తుంది? సారీ. మనస్ఫూర్తిగా చెప్తున్నా.

పెళ్ళి అయిన వారానికి చెల్లిని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళా. ట్రీట్‌మెంట్ మొదలైంది, టైమ్ పడుతుందన్నారు. నా దగ్గర మిగిలిన ప్యాచ్‌లు అడిగింది. "ఇప్పుడు నీకు కాదు, ఆ చర్మం మీద ఏమీ అంటించకు, డాక్టర్ ఓకే అన్నాక ఇస్తా" అన్నా. అలిగింది. పర్లేదు, అలగనీ.

సో ఫైనల్‌గా, ప్యాచ్ కొనాలా? అప్పుడప్పుడూ ఒకటీ రెండూ తల తేలిన మొటిమలొచ్చి, గిల్లే అలవాటున్నవాళ్ళైతే కొనండి. మేకప్ కింద నాలుగైదు గంటలు ఓకే. మొహం నిండా ఉంటే, నొప్పి గడ్డలుంటే, మచ్చలు గుంటలు పడుతుంటే ప్యాచ్‌ల మీద పెట్టే డబ్బు డాక్టర్ ఫీజుకి పెట్టండి. మొటిమ మీద ఏం రాసినా సరే, రాసే ముందు ట్యూబ్ వెనక చదవండి.

ఇకనుంచి ఆ స్లైడర్ సున్నా మీదే ఉంటుంది. కామెంట్స్‌లో "ఏంటక్కా మొహం అలా అయ్యింది" అని రాస్తారని తెలుసు, రాయండి, ఈ వీడియో లింక్ ఇస్తా. ట్యూబ్ మీద పేరు అర్థం కాకపోతే ఆ పేరు కామెంట్‌లో టైప్ చేయండి, స్టెరాయిడ్ అవునో కాదో నాకు తెలిసినంతవరకు చెప్తా. మీ చెల్లికో, తమ్ముడికో, హాస్టల్ ఫ్రెండ్‌కో ఈ వీడియో పంపండి. అబ్బాయిలూ, మీకూ మొటిమలొస్తాయి, మీరూ ఆ ట్యూబ్‌లు రాస్తున్నారని నాకు తెలుసు. ఉంటా మరి, వచ్చే వారం కలుద్దాం. బై!